మా చుక్క గడప దాటిన విధము

కుక్కకు మనిషియే లోకము, పిల్లికి ఇల్లే లోకము అని పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటలో కొంత అతిశయోక్తి యున్నను సత్యమే యెక్కువ. యజమాని పోవు చోటికెల్ల కుక్క తోక యాడించుచు వెంబడించును. పిల్లి యట్లు కాదు. మనుష్యులతో దాని స్నేహము ఎంత గాఢమైనను, గుమ్మము, గోడమూల, కిటికీ అంచు, ప్రొయ్యి ప్రక్కనున్న వెచ్చని చోటు, ఇవి యన్నియు కలిసిననే దానికి ఇల్లగును. ఇల్లు మారుట మనకు సామాను మోయించు శ్రమ మాత్రమే. పిల్లికి లోకమే తలక్రిందులగుట.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను సామెతను మీరు వినియే యుందురు. అది పైమాటకు విరుద్ధముగా తోచవచ్చును. కాని తల్లి పిల్లలను మార్చునది అవి పసికూనలుగా నున్నప్పుడు, ఆపద శంకించి మాత్రమే. కూన తల్లినోట చిక్కి కదలక మెదలక యుండును. వైష్ణవాచార్యులు దీనినే మార్జాలకిశోర న్యాయమని పేర్కొని శరణాగతికి దృష్టాంతముగా గ్రహించిరి. పెరిగిన పిల్లియెడ ఆ న్యాయము చెల్లదు. దానిని ఎత్తుకొనిపోయి క్రొత్తచోట దింపినంతనే మనపై భారముంచి నిశ్చింతగా నుండదు. తన లెక్క తాను చూచుకొనును.

ఉద్యోగవిరమణానంతరము మేము విజయవాడలోని అద్దెయిల్లు విడిచి దివిసీమలోని మా పూర్వుల పెంకుటింటికి పోవ నిశ్చయించితిమి. నా భార్యకు మోకాళ్ళ నొప్పి. మేమున్నది 3వ అంతస్తు. కారణము అంతే. మాతో రావలసిన వారిలో చుక్క యొకటి. అది నుదుట నల్లని బొట్టు గల తెల్లని ఆడుపిల్లి. ఆరేండ్ల క్రిందట ఒక వానదినమున మా మనుమరాలు దానిని గౌను మడతలో దాచుకొని మెట్లెక్కి తెచ్చినది. ఆనాటినుండి అది నేలను త్రొక్కి యెరుగదు. మట్టి యనగా దానికి తులసికుండి. వేట యనగా గోడమీది బల్లి. మనుమరాలు తల్లిదండ్రులతో హైదరాబాదునకు వెళ్ళిపోయినది గాని, ప్రతి రాత్రియు ఫోనులో, "తాతయ్యా! ఏదీ, చుక్కను చూపించండి" అని అడుగక నిద్రపోదు. నా భార్యకు అది మరింత చేరువ. పగలెల్ల నేను బడిలో నుండగా ఆమె మాట వినుటకు ఇంట నుండినది అదియొక్కటియే.

పట్టణపు మేడగదిలో పిల్లిని తలుపు వేసి యుంచవచ్చును. పెంకుటింటికి వేయి కన్నములు. చూరు క్రిందనుండి, వంటింటి పొగగూటినుండి, దొడ్డి తలుపు సందునుండి అది నేడు కాకున్న రేపు బయటపడియే తీరును. కావున దానికి బయటి బ్రతుకును మనమే క్రమముగా నేర్పుట మేలని తలచితిని. పిల్లులు పాత యింటికి తిరిగిపోవుట క్రొత్త సంగతి కాదు. నా చిన్ననాట మా యూరిలో దొంగపిల్లిని గోనెసంచిలో కట్టి ఏటి యావల విడిచి వచ్చెడివారు. అది మూడవనాటికి ఏమియు జరుగనట్లు అదే చూరుమీద కూర్చుండి కనబడెడిది. అయితే మాకును విజయవాడకును నడుమ 60 కిలోమీటర్లకు పైబడిన దూరము కలదు. చుక్క అంత దూరము పోజాలదు. పోజాలనని దానికి తెలియదు. ఆపదయంతయు అందులోనే యున్నది.

బయలుదేరుటకు ముందే పశువైద్యునివద్ద పిచ్చికుక్కకాటు వ్యాధి రాకుండ టీకాయు, తక్కిన టీకాలును వేయించితిమి. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స మునుపే జరిగియుండెను. బయట తిరుగు పిల్లికి ఈ రెండును తప్పనిసరి. "అది పండుకొను దుప్పటిని మాత్రము ఉతుకవద్దు" అని వైద్యుడు చెప్పెను. ఈ సలహా నా భార్యకు రుచింపలేదు. ఆమె యింట ఉతుకని బట్ట గడప దాటుట అదియే మొదటిసారి.

మాఘమాసారంభమున ప్రయాణమైతిమి. మూతగల వెదురుబుట్టలో చుక్కను కూర్చుండబెట్టి, బుట్టను నా భార్య ఒడిలో నుంచుకొనెను. కరకట్టమీద బండి సాగినంతసేపును అది ఒకటే అరపు. పులిగడ్డ అక్విడక్టు దాటునప్పటికి గొంతు బొంగురుపోయి ఊరకుండెను. కృష్ణ అచ్చటనే రెండు పాయలై దివిసీమను తన చేతులనడుమ నుంచుకొనును. వరికోతలై, ఆ మళ్ళలోనే చల్లిన మినుము పచ్చగా ఎదుగుచున్న కాలమది. చూచుటకు కన్నులపండువు, పిల్లికి మాత్రము బుట్ట సందులలోనుండి వచ్చు పరిమళములన్నియు పరాయివే.

ఇంటిలో కొట్టుగదిని దానికి కేటాయించితిమి. పాత దుప్పటి, నీళ్ళగిన్నె, ఇసుకతొట్టి అందుంచి తలుపు వేసితిమి. అది బుట్టనుండి వెలువడి బియ్యపు డబ్బా వెనుక దూరి రెండు దినములు పైకి రాలేదు. ఆహారము ముట్టలేదు. మనుష్యుడు రెండు దినములు పస్తున్న నీరసించును, అంతే. పిల్లి రెండు మూడు దినములకు మించి ఏమియు తినకున్న దాని కాలేయము చెడిపోవు ప్రమాదము కలదు. బొద్దుగా నున్న పిల్లికి మరియును. వైద్యుడు ఈ సంగతి గట్టిగా చెప్పియుండుటచే మాకు ఆ రెండు రాత్రులును నిద్ర కరవైనది. నా భార్య గది మూలన పీట వేసికొని కూర్చుండి, దానివైపు చూడక, చిక్కుడుకాయలు ఒలుచుచు తనలో తాను మాటాడుకొనుచుండెను. నేను తొంగిచూచిన, "మీరు రాకండి. మీ చెప్పుల చప్పుడుకే అది ముడుచుకొనుచున్నది" అనెను. మూడవనాటి రాత్రి పళ్ళెము చప్పుడు వినబడెను. వెళ్ళి చూడవలెనన్న ఆశను అణచుకొని పండుకొంటిమి. తెల్లవారి చూడగా పళ్ళెము నాకినట్లుండెను.

ఇచ్చట ఒక చిక్కు చెప్పవలెను. మాది శాకాహారపుటిల్లు. పిల్లి మాంసాహారి, పులిసింహముల గోత్రమే దానిదియు. అమరకోశమున దానికి 'ఆఖుభుక్కు' అను పేరు కలదు. ఎలుకలను తినునదని అర్థము. దానికి అత్యవసరమైన కొన్ని పోషకద్రవ్యములు మాంసములోనే లభించును. పాలన్నము పెట్టి పిల్లిని పోషింతమనుట మన పుణ్యబుద్ధియే గాని దాని ఆరోగ్యము కాదు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగనే యరుగవు. పట్టణములో పొట్లములలో అమ్ము మేతను పెట్టుచుంటిమి. అదే మేతను మూడు నెలలకు సరిపడ వెంట తెచ్చితిమి. ఇల్లు మారినప్పుడు తిండియు మార్చుట తగదు.

మూడు వారములు దానిని ఇంటిలోననే యుంచితిమి. మొదట కొట్టుగది, తరువాత వంటిల్లు, పిమ్మట నడవ. ఈ కాలములో ముఖ్యమైన పని వాసనలది. పిల్లి తన బుగ్గలను ద్వారబంధమునకు, బల్లకోడునకు, మన కాలికి రాయుట మీరు చూచియుందురు. అది గోముగా రాయుచున్నదని మన యూహ. నిజమునకు దాని బుగ్గలయందును గడ్డము క్రిందను గ్రంథులు కలవు. వాటినుండి ఊరు వాసనను వస్తువులకు పూసి, ఇది నాది అని వ్రాసికొనుట అది. కావున మెత్తని గుడ్డతో దాని బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను జానెడెత్తున గుమ్మములకును స్తంభములకును రాయుచు వచ్చితిని. అరువదియేండ్లు దాటిన పండితుడు నేలమీద మోకరిల్లి స్తంభములు తుడుచుట చూచి పాలవాడు నవ్వెను. తొట్టిలోని వాడిన ఇసుకను దొడ్డిలో బావిగట్టు వెనుక, గోరింటపొద క్రింద చల్లుచుంటిని. పిల్లి బయటికి పోకమునుపే దాని వాసన బయట కాపురముండవలెను.

మా దొడ్డికి ప్రక్కదొడ్డికి నడుమ తాటాకుల దడి యొకటి కలదు. ఆవల నాకన్న పదేండ్లు పెద్దదైన వితంతువొకతె యుండెను. ఒక పాడిగేదె, పది కోళ్ళు ఆమె సంసారము. మేము వచ్చిన వారమునకే దడిమీదుగా ఆమె, "పంతులుగారూ! పట్నంనుంచి పిల్లిని తెచ్చారట. పన్నెండు గుడ్లు పొదిగేస్తే తొమ్మిది పిల్లలు దక్కినై. నా ఉప్పూ పప్పూ వీటిమీదే. మీ పిల్లి ఒక్కదాన్ని ముట్టినా నేనూరుకోను సుమండీ" అని చెప్పెను. "అక్కయ్యగారూ! మీ కోళ్ళకు భయము లేకుండ చూచెదను" అని మాట యిచ్చితిని. ఇచ్చుట సులభము. తొమ్మిది కోడిపిల్లలు దడి క్రిందుగా మా దొడ్డిలోనికి వచ్చి మేయుచుండెను. పిల్లి నడవ కిటికీలో కూర్చుండి కన్నులు అరమోడ్చి వానినే చూచుచుండెను. మహాబలిపురమున పల్లవులకాలమున, 7వ శతాబ్దమున చెక్కిన పెద్ద శిలయందు ఒక పిల్లి తపస్సు చేయుచుండ చుట్టును ఎలుకలు చేరియుండుట కలదు. ఆ శిల్పి తప్పక పిల్లిని పెంచియుండును.

నాలుగవ వారమున తలుపు తీయుటకు నిశ్చయించితిని. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీకు తెలియును. వేడిపాలు త్రాగి మూతి కాలిన పిల్లి, మరల పాలగిన్నెను చూచినంతనే పారిపోయెను. కథ హాస్యమునకు చెప్పినదే యైనను పిల్లి స్వభావము అందు చక్కగా నున్నది. మొదటిసారి బెదరినచో ఆ చోటిని అది యెన్నటికిని నమ్మదు. కావున ఎండ తగ్గని సాయంకాలము, వీధిలో సందడి లేనివేళ, మేత పెట్టుటకు గంటముందు, అది ఆకలితో నుండగా దొడ్డి తలుపు బార్లా తెరిచి, నేను మెట్టుమీద కూర్చుంటిని. కడుపు నిండిన పిల్లి విహారమునకు పోవును. ఆకలిగొన్న పిల్లి ఇంటికి వచ్చును.

చుక్క గడపమీద నిలిచి అరగంట కదలలేదు. చెవులు మాత్రము వేర్వేరుగా తిరుగుచుండెను. మనకు వినబడని సన్నని ధ్వనులు, ఎలుక కూతలు మొదలగునవి, పిల్లికి వినబడును. మనకు వలసిన వెలుగులో ఆరవ వంతున్న చాలును, అది చూడగలదు. మనకు నిశ్శబ్దమైన దొడ్డి దానికి తిరునాళ్ళవలె తోచియుండును. తరువాత ఒక ముందరికాలు మట్టిమీద మోపి, వెంటనే తీసికొని, తేమ తగిలినట్లు విదిల్చినది. మరల మోపినది. ఆనాడు అది పోయిన దూరము నాలుగడుగులు. నేను చెంచాతో పళ్ళెము వాయించితిని. అది లోనికి వచ్చి తినెను. అంతే. మరునాడు గోరింటపొదవరకు పోయి తన వాసన తానే కనుగొని, తోక నిలువుగా ఎత్తి తిరిగి వచ్చినది. పళ్ళెపు చప్పుడునకు మేత తప్పక యుండునను నమ్మకమును ఇంటిలోనున్న మూడు వారములును నేర్పియే యుంటిమి. ఏ ఒక్కనాడును వట్టి పళ్ళెము వాయించి దానిని మోసగింపలేదు.

పిల్లి మెడలో గంట కట్టునదెవరను ప్రశ్న ఎలుకల సభలో పుట్టినది గదా. మా యింట ఆ పని నేను చేసితిని. సాగెడు నాడా పట్టీకి చిన్న మువ్వ కుట్టి మెడలో వేసితిని. కొమ్మకు తగులుకొన్నను ఉరిపడకుండ జారిపోవునట్టి పట్టీయే పిల్లికి కట్టవలెను, గట్టిదారము కట్టరాదు. మువ్వ సవ్వడికి పిచ్చుకలు లేచిపోవుచుండెను. కోడిపిల్లల సంగతి మాత్రము మువ్వకు విడువక తల్లికోడియే తీర్చినది. చుక్క ఒకనాడు పొట్ట నేలకు ఆనించి వానివైపు ప్రాకుచుండ నేను లేచులోపలనే ఆ కోడి ఈకలు విప్పార్చి, బంతివలె ఎగిరి దాని ముఖముమీద పడెను. పట్టణపు పిల్లి ఒక్క దాటున బావిగట్టెక్కి, అటనుండి వంటింటిలో బియ్యపు డబ్బా వెనుకకు పోయెను. దడి యావలనుండి ఆమె నవ్వు వినబడెను. నా భార్యయు నవ్వెను. మేము ఆ యింటికి వచ్చిన పిమ్మట ఆమె బిగ్గరగా నవ్వుట అదియే ప్రథమము. ఆ సాయంకాలము ఆడువారిద్దరును దడికి చెరియొక ప్రక్కను నిలిచి దీపాలవేళవరకు మాటాడుకొనిరి.

ఆ మాటలవలన ఒక మేలు జరిగెను. పొలములలో ఎలుకలకు మందు పెట్టు దినములను ఆమె ముందుగా తెలుపుచుండెను. రైతులు నూకలలో నూనెయు, బ్రోమోడయోలోను అను మందును కలిపి కలుగులలో నుంతురు. అది తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు మందకొడిగా తిరుగును. అట్టిదానిని పట్టి తిన్న పిల్లికిని విషమెక్కును. పట్టణములో బండ్లు ఎట్టివో పల్లెలో ఈ మందు అట్టిది. ఆ దినములలో చుక్కకు తలుపు తీయలేదు. ప్రొద్దు క్రుంకకముందే లోనికి పిలుచుట మాత్రము ప్రతిదినమును జరిగెడిది. దివిసీమలో పాముల బెడద మీరు వార్తలలో చదివియే యుందురు. 2018 ఆగష్టు నెలలో పాముకాటు తగిలినవారు అవనిగడ్డ ఆసుపత్రికి వరుసగా వచ్చిరి. గడ్డి కోయించి, కట్టెలమోపు గోడకు దూరముగా పెట్టించితిని. అది పిల్లికొరకు మాత్రమే కాదు.

ఫాల్గుణ పౌర్ణమినాడు పళ్ళెము వాయించినను చుక్క రాలేదు. అంతకు కొంచెము ముందు వీధికుక్కలు రెండు దొడ్డిలోనికి దూరి అరచుట వినియుంటిమి. దీపము పట్టుకొని గడ్డివామి చుట్టును, పశువుల కొట్టములోను వెదకితిమి. ఎచ్చటను మువ్వ సవ్వడి లేదు. వేళకు మనుమరాలు ఫోను చేసినది. "చుక్క ఏదీ?" అన్నది. "కనబడుటలేదమ్మా, వెదకుచున్నాము" అని నిజమే చెప్పితిని. అవతల కొంతసేపు మాట లేదు. అప్పుడు సన్నని అరపొకటి ఆకాశమునుండి వచ్చినట్లు వినబడెను. చింతచెట్టు రెండవ పంగలో, వెన్నెలలో, తెల్లని ముద్ద.

పిల్లి చెట్టెక్కుట ఎంత సులువో దిగుట అంత కష్టము. దాని గోళ్ళు కొక్కెములవలె వెనుకకు వంగియుండును. ఎక్కునప్పుడు బెరడును పట్టుకొనును. తలక్రిందుగా దిగబోయిన పట్టు చిక్కదు. వెనుకకు దిగుటను అది నేర్చుకొనవలసినదే. ఆరేండ్లు మేడగదిలో పెరిగిన చుక్కకు ఎవరు నేర్పిరి? "పిల్లి ఎటు పడినా కాళ్ళమీదే పడుతుందట గదా తాతయ్యా?" అని మనుమరాలు ఫోనులో అడిగెను. ఆ మాట నిజమే. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే 1894లోనే పడుచున్న పిల్లికి వరుస ఛాయాచిత్రములు తీసి, అది గాలిలోనే మేనిని త్రిప్పుకొను విధమును చూపెను. అయినను కాళ్ళమీద పడినంతమాత్రమున ఎముకలు విరుగవని కాదు. నిచ్చెన ఆ పంగకు అందలేదు. క్రిందినుండి చేతులు చాచి పిలిచినకొలది అది ఇంకను పైకి పోవుచుండెను. కావున పిలుచుట మానితిమి. నేను చెట్టు క్రింద నులకమంచము వేసికొంటిని. నా భార్య ఉతుకని ఆ పాత దుప్పటిని తెచ్చి చెట్టు మొదట పరచి, మోకాళ్ళు నొచ్చుచున్నను మంచముపట్టెమీద కూర్చుండెను. దడి ప్రక్కనున్న ఆమె కుక్కలు మరల రాకుండ దొడ్డివాకిట ముళ్ళకంప అడ్డము వేసి, ఒక ఆకులో ఉడికిన చేపముక్కలు తెచ్చి, "మీ యింట వండరు గదా, ఇది ఈ గట్టుమీద పెడతాను. మీరు ముట్టక్కర్లేదు" అనెను.

వెన్నెల పడమటికి వ్రాలువేళ బెరడు గీచుకొను చప్పుడైనది. చుక్క మొదట తలక్రిందుగా ప్రయత్నించి, జారి, మరల పైకెక్కెను. రెండవమారు తోక ముందుగా, ఒక్కొక్క కాలే దింపుచు, అరచుచు దిగివచ్చినది. మనిషి పొడవెత్తున పట్టు తప్పి దూకెను. దుప్పటిని వాసన చూచెను. తరువాత చేపముక్కలున్న ఆకువద్దకు పోయెను. నా భార్య దానిని ముట్టుకొనలేదు; తినుచుండగా ఊరక చూచుచుండెను. "అక్కయ్యగారూ, లోపలికి రండి. కాఫీ పెట్టెదను" అని ఆమెతో అని, లేచి తడవుకొనుచు వంటింటిలోనికి పోయి దీపము వెలిగించెను.

అటుపిమ్మట చుక్కకు చెట్టు దిగుట వచ్చినది. కుక్క అరపు వినబడిన చాలు, ఇంటిలోనికి రాదు, చింతచెట్టే ఎక్కును. కుక్కలు విసిగిపోవువరకు అచ్చట కూర్చుండి, తోక ముందుగా దిగును. ఎండకాలము వచ్చునప్పటికి కోడిపిల్లలు పెట్టలును పుంజులును ఐనవి. వానిలో ఒక పుంజునకు దానికి నేటికిని పడదు. బావిగట్టు మధ్యాహ్నమువరకు పిల్లిది, తరువాత పుంజుది. దడిలో తాటాకు రెండుచోట్ల విరిగి మనిషి పట్టునంత సందు పడినది. దానిని బాగుచేయింతునని రెండు మారులు అంటిని గాని ఆడువారిద్దరును వలదనిరి.